గుండె డాక్టరు దగ్గరికి కాన్పు కాగితాలు పట్టుకెళ్లండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 47 ఏళ్లు. నెలన్నర నుంచి నీళ్ల బిందెతో మేడ మెట్లెక్కితే దవడలు లాగేస్తున్నాయి, వీపు మధ్యలో రాయి పెట్టినంత బరువు. ఐదు నిమిషాలు కూర్చుంటే పోతుంది. నొప్పి అని మాత్రం అనలేను. మా ఊరి ఆరెంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ చేశాడు. టౌన్లో ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు. అమ్మాయి పెళ్లి పెట్టుకుని ఆలోచనతో తెచ్చుకుంటున్నావని ఇంట్లోవాళ్లు కోప్పడుతున్నారు. మావారికి మూడేళ్ల క్రితం స్టెంటు వేశారు. ఆయన మందులు, పథ్యం అన్నీ నేనే చూస్తాను. నాకు బీపీ, షుగర్ లేవు. అంటే ఈమధ్య ఎప్పుడూ చూపించుకోలేదు. అమ్మాయి కాన్పులో కాళ్లూ మొహం వాచి, బీపీ పెరిగి, ఎనిమిదో నెలలోనే ఆపరేషన్ చేశారు. బాబు కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, కాన్పు కాగానే పోయింది. 36వ ఏట గర్భసంచి తీసేశారు. రెండు నెలలు తిరక్కుండానే ఒంట్లోంచి ఆవిర్లు మొదలయ్యాయి. ఇవన్నీ పాత సంగతులే, మీరు అడుగుతారేమోనని రాశాను. ఆడవాళ్లకి గుండెజబ్బు అంత త్వరగా రాదంటారు కదా? మాఘమాసంలో పెళ్లి. అయ్యేదాకా ఆగవచ్చా?
– ఒక సోదరి

సమాధానం:

ఆగకండమ్మా. ఈ రెండు మూడు రోజుల్లోనే గుండె డాక్టరుకి చూపించుకోండి. బరువు మోస్తే, మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గే దవడ లాగుడు, వీపు బరువు గుండెకి రక్తం చాలకపోవడం వల్ల వచ్చినవే అనుకుని ముందుకు వెళ్లాలి. కాదని పరీక్షల్లో తేలితే మంచిదే. తేలేదాకా నీళ్ల బిందెలు ఇంకెవరన్నా మోస్తారు. వాకింగ్ మొదలుపెడదామనే ఆలోచన కూడా అప్పటిదాకా పక్కన పెట్టండి.

ఈలోగా ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నప్పుడు వచ్చినా, పది నిమిషాలు దాటినా, చెమటలు పట్టినా, వాంతి వచ్చేలా ఉన్నా, అంతకుముందు రెండు మెట్ల వరుసలకి వచ్చేది ఇప్పుడు వంటింట్లోంచి హాల్లోకి రాగానే వస్తున్నా, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. మోటార్ సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లే పద్ధతి వద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండు పడి రక్తం పోయినవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగవచ్చు. మీవారి మందుల డబ్బాలో 75 మిల్లీగ్రాములవి ఉంటే నాలుగు. అదే డబ్బాలో నాలుక కింద పెట్టుకునే చిన్న మాత్ర కూడా ఉంటుంది. అది మాత్రం సొంతంగా వేసుకోకండి. బీపీ అప్పటికే పడిపోయి ఉంటే ఆ మాత్రతో ఇంకా పడిపోయి మనిషి సొమ్మసిల్లుతుంది.

ఇక మీ ఉత్తరం. ‘నొప్పి అని మాత్రం అనలేను’ అన్నారు చూడండి, ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో రాత్రి డ్యూటీలో ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ‘గుండెల్లో నొప్పి ఉందా’ అని అడిగాను. ‘నొప్పేం లేదయ్యా, పట్టేసినట్టుంది, వికారంగా ఉంది, నీరసం’ అంది. కేస్ షీట్లో ‘ఛాతీ నొప్పి లేదు’ అని రాసి, వాంతులకి ఇంజెక్షన్ చేసి సెలైన్ ఎక్కించాను. తెల్లవారి పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చి ఈసీజీ తీయించేసరికి గుండెపోటు వచ్చి ఐదారు గంటలైంది. ఆమె బతికింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన మాటే తప్పు. మన ఆడవాళ్లకి నొప్పి అంటే కాన్పు నొప్పి, పంటి నొప్పి. ఇది మంట, బరువు, పట్టేయడం, ఆయాసం, గుబులు. అందుకే ఇప్పుడు నేను నొప్పి అనే మాట ఎత్తను. ‘దవడకీ బొడ్డుకీ మధ్య ఎక్కడన్నా ఎలాగన్నా ఇబ్బందిగా ఉందా, పని చేస్తే పెరుగుతోందా’ అని అడుగుతాను. మీరు వెళ్లినప్పుడు డాక్టరు నొప్పా అని అడిగితే ‘కాదండి’ అని ఊరుకోకండి. మాకు రాసిన మాటలే చెప్పండి. బిందె, మెట్లు, దవడ, వీపు, ఐదు నిమిషాలు.

(ఆడవాళ్ల గుండెపోటులో ఛాతీ నొప్పే ఉండదని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది. అది సగం నిజం. ఎక్కువమంది ఆడవాళ్లకీ ఛాతీలో ఇబ్బంది ఉంటుంది. దానితోపాటు, ఒక్కోసారి దానికి బదులు, దవడ, మెడ, వీపు, వికారం, ఆయాసం, చెప్పలేనంత అలసట మగవాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తాయి.)

ఈసీజీ నార్మల్ అన్నారు. మీది డెల్టా కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ఎండాకాలంలో కాలవ గట్టు మీద నిలబడి నీళ్లు చాలుతున్నాయా అంటే చాలుతున్నాయనే చెప్తాం, ఎవరికీ అవసరం లేదు కాబట్టి. నాట్లప్పుడు తెలుస్తుంది చివరి భూములకి అందుతున్నాయో లేదో. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఈసీజీ ఎండాకాలపు కాలవ. మీకు ఇబ్బంది వస్తున్నది మెట్ల మీద. అందువల్ల ఆ నార్మల్ కాగితం చూసి ధైర్యం తెచ్చుకోకండి. డాక్టరు ఎకో అనే గుండె స్కానింగ్ చేస్తారు, ఆ తర్వాత నడిపిస్తూ ఈసీజీ తీసే ట్రెడ్‌మిల్ పరీక్షో, గుండె రక్తనాళాల్లో అడ్డులు చూసే సీటీ యాంజియోగ్రామో, నేరుగా యాంజియోగ్రామో మిమ్మల్ని చూసి నిర్ణయిస్తారు. ట్రెడ్‌మిల్ పరీక్ష ఆడవాళ్లలో మగవాళ్లంత నమ్మకంగా ఉండదు. అది ఒక్కటే చేసి పంపించేస్తుంటే ‘ఇంకేమన్నా పరీక్ష అవసరమా’ అని అడగడం తప్పేం కాదు.

‘పాత సంగతులే’ అంటూ చివర్లో రాశారే, ఉత్తరం మొత్తంలో నన్ను కంగారు పెట్టింది అవే. ఆసుపత్రిలో వాటి గురించి మిమ్మల్ని ఎవరూ అడగకపోవచ్చు. సిగరెట్ తాగుతారా, మందు తాగుతారా, మీ నాన్నగారికి గుండెపోటు వచ్చిందా, ఇవి అడుగుతారు. గుండెజబ్బు చరిత్ర తీసుకునే పద్ధతి చాలాకాలం మగ రోగిని దృష్టిలో పెట్టుకునే నడిచింది. కాన్పు సంగతి గైనకాలజిస్టుది, గుండె సంగతి కార్డియాలజిస్టుది, మధ్యలో మనిషి ఎవరిదీ కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లో ఆడవాళ్లకోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో గర్భంతో వచ్చిన బీపీని, గర్భంతో వచ్చిన షుగర్‌ని గుండెజబ్బు ముప్పుల జాబితాలో చేర్చింది. మన దగ్గర ఓపీ చీటీ మీదికి ఆ ప్రశ్న ఇంకా సరిగ్గా రాలేదు.

కడుపుతో ఉన్నప్పుడు గుండె మామూలుకన్నా దాదాపు సగం ఎక్కువ రక్తం తోడాలి. ఆ బరువు పడ్డప్పుడే కొందరి రక్తనాళాల లోపలి పొర బలహీనత బయటపడుతుంది. మీకు అమ్మాయి కాన్పులో కాళ్లు, మొహం వాచి బీపీ పెరిగింది అన్నారే, అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేవాళ్లు. సమయానికి ఆపరేషన్ చేసి మీ ఇద్దరినీ కాపాడారు. బీపీ దిగిపోయింది, అందరూ మర్చిపోయారు. కానీ అలా వచ్చినవాళ్లకి తర్వాతి కాలంలో గుండెజబ్బు వచ్చే అవకాశం రానివాళ్లకంటే సుమారు రెట్టింపు. నెలలు నిండకముందే కాన్పు చెయ్యాల్సి వచ్చిందంటే ఇంకొంచెం ఎక్కువే. ఇలాంటివాళ్లు జీవితాంతం ఏడాదికోసారైనా బీపీ చూపించుకోవాలి. మీకు ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు. ఉంటే రాసేవాళ్లు.

బాబు కడుపులో ఉండగా వచ్చిన షుగర్ కూడా అంతే. ‘కాన్పు కాగానే పోయింది’ అన్నారు. అది పోవడం మామూలే. తిరిగి రావడం కూడా మామూలే. అలా వచ్చినవాళ్లు ఏడాదికో, మరీ ఆలస్యమైతే మూడేళ్లకో రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. మీకు రెండు దశాబ్దాలు గడిచాయి. ఆడవాళ్లకి వయసులో ఉన్నప్పుడు గుండెకి ఉండే సహజ రక్షణని షుగర్ జబ్బు దాదాపు తుడిచేస్తుంది. ‘నాకు షుగర్ లేదు’ అనే మాట రక్తం ఇచ్చి వచ్చాక అనండి.

ఆడవాళ్లకి అంత త్వరగా రాదంటారు కదా అని అడిగారు. నిజమే, అంటారు. 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనంలో ఆడవాళ్లకి మొదటి గుండెపోటు మగవాళ్లకన్నా సుమారు తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చింది. అదే అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకి మిగతా ప్రపంచంకన్నా ఐదారేళ్లు ముందే వచ్చింది. ఆడవాళ్లకి దొరికే ఆ వాయిదాలో పెద్ద వాటా అండాశయాలు విడుదల చేసే ఈస్ట్రోజెన్‌ది. మీకు గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారా? మీరు రాయలేదు, బహుశా మీకు తెలియదు. ఆపరేషన్ అయిన రెండు నెలలకే ఆవిర్లు వచ్చాయంటే తీసేసి ఉంటారనే నా అనుమానం. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం వెతకండి. అదే నిజమైతే, సాధారణంగా 46, 48 ఏళ్లకి రావలసిన ముట్లుడగడం మీకు 36కే వచ్చింది. వాయిదా పదేళ్ల ముందే చెల్లిపోయింది. ముట్లుడిగాక చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది, నడుం చుట్టూ కొవ్వు చేరుతుంది, బీపీ ఎక్కుతుంది. మీ ఒంట్లో ఆ మార్పులన్నీ పదకొండేళ్లుగా సాగుతూ ఉండాలి.

ఇది మీ ఒక్కరి కథ కాదు కాబట్టే ఇంత రాస్తున్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు తేలితే, మన రెండు రాష్ట్రాల్లో ఎనిమిదీ తొమ్మిదీ. దేశంలో ముందు వరసలో ఉన్నాం. తెల్లబట్ట అవుతోందనీ, నడుం నొప్పనీ, ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది, క్యాన్సర్ వస్తుంది’ అనీ ముప్ఫై అయిదేళ్ల మనిషికి తీసేయడం నేను వృత్తిలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నిజంగా అవసరమైన ఆపరేషన్లు ఉన్నాయి, కాదనను. కానీ గర్భసంచి తీసినా, చిన్న వయసులో అండాశయాలు మంచివే అయితే వాటిని ఉంచవచ్చా అని ప్రతి ఆడమనిషీ ఆపరేషన్‌కి ముందు అడగాలి. తీయక తప్పకపోతే, సహజంగా ముట్లుడిగే వయసుదాకా హార్మోన్ మాత్రలు అవసరమా అనేది అప్పుడే మాట్లాడుకోవాలి.

ఆ మాట చదివి మీరిప్పుడు మందుల షాపుకి వెళ్లి హార్మోన్ మాత్రలు అడగకండి. గుండెని కాపాడతాయనే ఆశతో ఒకప్పుడు అమెరికాలో లక్షలమంది వాడారు. 16 వేలమందికి పైగా ఆడవాళ్ల మీద పెట్టిన పెద్ద పరీక్షలో గుండెపోట్లు తగ్గకపోగా కొంచెం పెరిగాయని, రొమ్ము క్యాన్సర్ కూడా పెరిగిందని తేలి 2002లో మధ్యలోనే ఆపేశారు. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్లకి వెంటనే ఇవ్వడం వేరు, పదకొండేళ్ల తర్వాత గుండె అనుమానంతో ఉన్న మనిషికి మొదలుపెట్టడం వేరు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: అమ్మాయి పుట్టిన సంవత్సరం, ఎనిమిదో నెల, బీపీ, బాబు పుట్టిన సంవత్సరం, షుగర్, గర్భసంచి ఆపరేషన్ సంవత్సరం, అండాశయాల సంగతి. పాత కాగితాలు ఉంటే అవే పట్టుకెళ్లండి. రక్తపరీక్షల్లో పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్ వివరాలు, కిడ్నీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ ఉంటాయి. హిమోగ్లోబిన్ ఎందుకంటే, మన ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే ఉన్న గుండెజబ్బు ఇంకా ఇబ్బంది పెడుతుంది. లైపోప్రోటీన్ (ఎ) అని చెడ్డ కొలెస్ట్రాల్ లాంటిదే ఒకటుంది, వంశంలో వచ్చేది, జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. మంచి కొలెస్ట్రాల్ ఆడవాళ్లకి 50కి తగ్గకూడదు, మగవాళ్లకి 40 చాలు. మీవారి రిపోర్టు పక్కన పెట్టుకుని పోల్చుకోకండి.

యాంజియోగ్రామ్‌లో పెద్ద అడ్డు ఏమీ లేదని చెప్తే? ‘చూశావా, ఆలోచనే’ అంటారు ఇంట్లో. మళ్లీ కాలవ దగ్గరికే వస్తాను. కాలవ నిండా పారుతున్నా పంట బోదెలు పూడిపోతే చేలో నీళ్లు రావు. యాంజియోగ్రామ్‌లో కనబడేవి కాలవలే. బోదెల్లాంటి సన్న రక్తనాళాలు అందులో కనిపించవు. వాటిలో వచ్చే ఇబ్బంది ఆడవాళ్లలో ఎక్కువ. అమెరికాలో 1996లో మొదలైన వైజ్ అనే అధ్యయనంలో ఛాతీ ఇబ్బందితో యాంజియోగ్రామ్ చేయించుకున్న ఆడవాళ్లలో సగానికి పైగా పెద్ద అడ్డు కనబడలేదు. వాళ్లని తర్వాతి కాలంలో గమనిస్తే వాళ్లందరూ క్షేమంగా ఏమీ లేరు. దానికి మందులున్నాయి. ‘అడ్డు లేదు’ అన్నంతమాత్రాన ‘జబ్బు లేదు’ అని ఫైలు మూసేయనివ్వకండి.

ఇక ఆలోచన. మీ ఇంట్లోవాళ్లు పూర్తిగా తప్పని నేననను. దిగులు, విడవని ఒత్తిడి గుండెకి ముప్పే. జపాన్ డాక్టర్లు 1990లో ఒక జబ్బుని వర్ణించారు. పెద్ద దుఃఖమో, హడలో తగిలినప్పుడు గుండె ఎడమ గది ఉబ్బి, అక్కడి జాలరులు ఆక్టోపస్‌లు పట్టే కుండ ఆకారంలోకి వస్తుంది. ఆ కుండ పేరే జబ్బుకి పెట్టారు, టకోట్సుబో. పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లు, ఎక్కువగా ముట్లుడిగినవాళ్లు. కాబట్టి ‘ఆలోచన వల్ల’ అని ఇంట్లో అంటే ‘అందుకే డాక్టరుకి చూపించండి’ అనండి.

తిండి సంగతి మీకు నేను చెప్పేదేముంది, మూడేళ్లుగా మీవారికి మీరే చేస్తున్నారు. నా అనుమానం ఒక్కటే. ఆయనకి నూనె తగ్గించి కూర, ఉప్పు లేని పప్పు వేరే గిన్నెలో చేసి, అందరూ తిన్నాక మీరు గోంగూర పచ్చడి, చల్లమిరపకాయలు వేసుకుని పెద్ద ముద్దలు అన్నం తింటున్నారు కదూ? రేపట్నుంచి ఆయన గిన్నెలోంచే మీరూ వడ్డించుకోండి. ఉప్పు రోజు మొత్తానికి ఒక్క చెంచాకి మించకూడదు, పచ్చడిలోది కూడా ఆ చెంచాలోకే వస్తుంది. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తే మోకాళ్లు లాగుతున్నాయని చెప్పకుండా మానేయకండి. మీవారి మాత్రల్లోంచి సగం విరిచి వేసుకోవడం అసలే వద్దు.

శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎవరన్నా చదువుతుంటే, నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డచుట్ట నోటికే కాదు, గుండెకీ చేటే. కట్టెల పొయ్యి పొగ కూడా. ‘నేను సిగరెట్ తాగనుగా’ అని చెప్పేముందు అవి గుర్తు చేసుకోండి.

డబ్బు గురించి మీరు రాయలేదు, కానీ పెళ్లి ఇంట్లో ముందు గుర్తొచ్చేది అదే. తెల్లకార్డు ఉంటే ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవలోనూ, తెలంగాణలో ఆరోగ్యశ్రీలోనూ గుండె చికిత్సలు ఉన్నాయి. ఆసుపత్రి లోపలికి వెళ్లగానే ఆ పథకం పనులు చూసిపెట్టే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో అడగండి. మాఘమాసానికి ఇంకా సమయం ఉంది. మందులతో సరిపోతే మందులు, స్టెంటు కావాలంటే స్టెంటు, ఏదైనా ఈలోగా అయిపోతుంది. పీటల మీద కూర్చుని కాళ్లు కడిగే రోజున మీకు ఆయాసం వస్తే ఆ పెళ్లి ఎలా సాగుతుందో మీరే ఊహించుకోండి.

ఆ అమ్మాయికి కూడా ఒక మాట. మీకు బీపీ పెరిగింది ఆమెను మోస్తున్నప్పుడే. అది కూతుళ్లకీ వచ్చే అవకాశం కొంత ఉంది. పెళ్లయ్యాక నెల తప్పినప్పుడు, మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే, మూడో నెల దాటకముందే, ‘మా అమ్మకి నా కాన్పులో బీపీ పెరిగి ఎనిమిదో నెలలో ఆపరేషన్ చేశారు’ అని చెప్పమనండి. అవసరమనిపిస్తే డాక్టరు చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. అది నాలుగో నెల లోపే మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. సారెతోపాటు మీ కాన్పు కాగితాల నకలు ఒకటి ఆమె పెట్టెలో పెట్టండి.